తెడ్డు పట్టి ఏడేళ్లు

పొద్దున్నే లేవాలి. పడవను నీళ్లలోకి తొయ్యాలి. తెడ్డు వెయ్యాలి. పొద్దు వాలేలోగా ఒడ్డు వెతుక్కోవాలి. ఉన్నదేదో తిని పడుకోవాలి. మర్నాడు మళ్లీ లేవాలి..

వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! అదే పని ఏడేళ్లు చేయాల్సి వస్తే? పక్కన పలకరించే మనిషి లేకుండా, ఒక్కడే చేయాల్సి వస్తే?

చేశాడొక మనిషి. పేరు ఆస్కార్ స్పెక్. జర్మనీలో పడవెక్కినప్పుడు అతని వయసు పాతికేళ్లు. ఆస్ట్రేలియా గడ్డ మీద కాలు పెట్టేసరికి ముప్ఫై దాటాయి. మధ్యలో సుమారు 50 వేల కిలోమీటర్లు. నదులు కొన్ని, మిగిలిందంతా సముద్రం. అందులోనూ ఎక్కువ భాగం ఎండలు మండే ఉష్ణమండల తీరాలే. ఆ దారిలో మన దేశపు పడమటి తీరం ఉంది, సింహళం ఉంది, తూర్పు తీరమూ ఉంది. ఓడలో వెళ్లాడా అంటే కాదు, మోటారు పడవా కాదు. కాళ్లు చాపుకుని కూర్చుంటే నడుం దాకా సరిపోయే కయాక్‌లో!

పని కోసం..

రికార్డు సాధించాలనో, పేపర్లలో ఫొటో పడాలనో బయల్దేరిన మనిషి కాదు స్పెక్. పని లేక బయల్దేరాడు.

1932 నాటికి జర్మనీలో నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలకు చేరింది. హాంబర్గ్‌లో కరెంటు పనుల కాంట్రాక్టులు చేసుకునే స్పెక్ కూడా ఆ గుంపులో ఒకడయ్యాడు. సైప్రస్‌లో రాగి గనులున్నాయని, అక్కడ పని దొరుకుతుందని విన్నాడు. చేతిలో పెద్దగా డబ్బుల్లేవు. ఉన్నదల్లా సరదాగా తెడ్డేసుకునే పడవ ఒక్కటే. దాన్ని మడిచి మూటగట్టుకుని ఉల్మ్ నగరం చేరాడు. 1932 మే నెలలో డాన్యూబ్ నదిలో దిగాడు. సైప్రస్ దాకా నీళ్ల మీద వెళ్తే టికెట్ ఖర్చు ఉండదన్నది అతని లెక్క.

డాన్యూబ్ తర్వాత మాసిడోనియాలోని వార్దర్ నది, ఆపైన ఏజియన్ సముద్రం, టర్కీ తీరం.. సైప్రస్ వచ్చేసింది. కానీ అప్పటికి గనిలో పని మీద ధ్యాస పోయింది. వెనక్కి వెళ్దామంటే అక్కడేముంది? ఏ వీధిలో నిలబడ్డా పని లేదన్న మాటే కదా! ముందుకు వెళ్తే కనీసం రేపు ఏ ఊరు వస్తుందో చూడొచ్చు. సిరియా చేరి, అక్కడ పడవను బస్సెక్కించి, యూఫ్రటీస్ నదిలో దించాడు. ఆ నది వెంట పర్షియన్ సింధుశాఖలోకి వచ్చిపడ్డాడు. ఇక అక్కడి నుంచి ఎండా, ఉప్పూ, ఇసుకే లోకం.

విరగదు.. వంగుతుంది

స్పెక్ పడవ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎముకల గూడులాంటి చెక్క చట్రం, దానికి చర్మంలా రబ్బరు పూత పూసిన గుడ్డ. అంతే. విప్పితే సంచుల్లో పట్టేస్తుంది. పొడవు సుమారు 18 అడుగులు. ఇద్దరు కూర్చునేందుకు చేసిన పడవే. కానీ రెండో మనిషి చోటు సామానుకే చాలలేదు. మంచినీళ్లు, తిండి, బట్టలు, కెమెరా, తడవకూడని కాగితాలు.. ఒక మనిషి సంసారమంతా అందులోనే. కాళ్లతో తిప్పే చుక్కాని, గాలి కలిసొస్తే ఎత్తుకోవడానికి చిన్న తెరచాప. పడవ పేరు ‘సన్‌షీన్’. ఎండ అని అర్థం. ఆ పేరు పెట్టినప్పుడు ముందు ముందు ఎంత ఎండ తినాలో అతనికి తెలిసి ఉండదు!

గుడ్డ పడవతో సముద్రంలోకి వెళ్లడమేంటని అనిపిస్తుంది. కానీ మన తీరంలో పాతకాలపు మసూలా పడవలు ఎలా ఉండేవి? మేకుల్లేవు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. హార్బరు కట్టక ముందు మద్రాసులో ఓడల నుంచి సరుకుల్నీ, మనుషుల్నీ ఒడ్డుకు చేర్చింది అవే. బిగదీసి కట్టిన పడవ కెరటం దెబ్బకు పగిలిపోతే, కుట్టిన పడవ ఒళ్లు విరుచుకుని మళ్లీ సర్దుకునేది. మన పల్లెకారుల తెప్ప కూడా అంతే. తాళ్లతో కలిపి కట్టిన దుంగలు. నీళ్లు మీద పడితే సందుల్లోంచి కిందికి జారిపోతాయి. బోల్తాపడినా మునగదు. స్పెక్ పడవ పుట్టింది ఎక్కడో చలిదేశంలో. కానీ కెరటంతో పంతం పెట్టుకోకూడదన్న తెలివి మాత్రం మన తెప్పకున్నదే.

ఒక్కటే తేడా. తెప్ప మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒకరు అలసిపోతే మరొకరు అందుకుంటారు. కయాక్‌లో ఆ వీలు లేదు. చేతులు ఆగితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. అందుకే తింటున్నా, నీళ్లు తాగుతున్నా, కునుకు ముంచుకొస్తున్నా ఒక కన్ను అల మీదే ఉండాలి.

నేలగాలి ఉండగానే..

అలాంటి ప్రయాణంలో రోజు ఎలా గడుస్తుంది?

తెల్లవారకముందే మొదలవుతుంది. ఉష్ణమండల తీరాల్లో రాత్రంతా చల్లబడిన నేల మీద నుంచి గాలి సముద్రం వైపు వీస్తుంది. ఆ వేళ నీళ్లు నిద్రపోతున్నట్టు ఉంటాయి. పొద్దెక్కి నేల వేడెక్కగానే గాలి దిక్కు మారుతుంది. సముద్రం నుంచి ఒడ్డుకు కొట్టడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి నీళ్లన్నీ లేచి కూర్చుంటాయి. వేటకు వెళ్లేవాళ్లు చీకటితోనే ఎందుకు బయల్దేరతారో కయాక్ మనిషి కూడా అందుకే బయల్దేరతాడు. ఆ రెండు మూడు గంటలు పోగొట్టుకుంటే రోజంతా గాలితో కుస్తీ పట్టాల్సిందే.

బయల్దేరడం అంటే బస్సెక్కినట్టు కాదు. ముందు కెరటాలు దాటాలి. ఒడ్డున నిలబడి లెక్కపెట్టాలి. పెద్ద అలలు వరసగా వచ్చి, ఆ తర్వాత కాసేపు తెరిపినిస్తాయి. ఆ తెరిపిలో పడవను తోసి, ఎగిరి కూర్చుని, లోపలికి నీళ్లు రాకుండా నడుం చుట్టూ గుడ్డ బిగించి, తెడ్డు అందుకోవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే కెరటం పడవను ఎత్తి ఇసుకలో పడేస్తుంది. చెక్క పుల్లలు విరుగుతాయి, గుడ్డ చిరుగుతుంది. ఇక ఆ రోజు ప్రయాణం లేదు. సూదీ దారం, రబ్బరు అతుకులూ తీసుకుని కూర్చోవాల్సిందే.

కెరటాలు దాటాక అసలు పని మొదలు. కుడి తెడ్డు, ఎడమ తెడ్డు. అంతే. ఒక కొండకొమ్మునో కొబ్బరితోపునో గురి పెట్టుకుంటే గంటసేపటికి కూడా అది దగ్గరికొచ్చినట్టే ఉండదు. దాని వైపు చూడటం మానేస్తే, ఎప్పుడో తల తిప్పేసరికి వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

ఉప్పు రాసే ఉత్తరం

మిట్టమధ్యాహ్నం ఎండ పైనుంచి ఒకటి, నీళ్ల మీద నుంచి ఎగిరొచ్చేది ఇంకొకటి. టోపీ పెట్టుకుంటే నెత్తిని కాపాడుకోవచ్చు. కింది నుంచి కొట్టే ఎండకు గడ్డం, ముక్కుపుటాలు కాలిపోతాయి. అయినా ఎండ కంటే పెద్ద శత్రువు ఉప్పు. పైన పడ్డ నీళ్లు ఆరిపోతే ఒళ్లంతా ఉప్పు పొడి. మళ్లీ తడుస్తుంది, మళ్లీ ఆరుతుంది. చంకలు, నడుం, వేళ్ల సందులు.. బట్ట రాసుకునే ప్రతిచోటా ఒరుసుకుపోతుంది. పుండు పడితే అది మానాలంటే పొడిగా ఉండాలి. సముద్రంలో పొడిగా ఉండేదెక్కడ? దూరప్రయాణం చేసే కయాకర్లు పడవలో అన్నిటికంటే జాగ్రత్తగా దాచుకునేది తిండి కాదు, పొడిబట్టలు. రాత్రి పడుకునేటప్పుడు కట్టుకునే ఆ ఒక్క జతనూ ప్రాణం పోయినా పగలు ముట్టుకోరు.

నీళ్ల మధ్యలో కూర్చుని నీళ్ల కోసం వెతుక్కోవడం మరో విచిత్రం. ఎండలో తెడ్డేసే మనిషికి మంచినీళ్లు ఎన్నయినా చాలవు. ఎక్కువ మోస్తే పడవ బరువెక్కుతుంది. తక్కువ మోస్తే దాహం. నది మొగ కనిపించిందని సంబరపడితే, పోటు వేళ అక్కడా ఉప్పునీళ్లే. ఊరి బావి కావాలి. లేదంటే కొబ్బరిబొండాం. చమురయినా, గాలయినా లేకపోతే పడవ ఆగుతుందంటారు. ఈ పడవ మాత్రం బిందెడు నీళ్లు లేకపోతే ఆగిపోతుంది.

ఒడ్డు చేరే వేళ

సముద్రంలో పడవకు భద్రమైన చోటు ఏది? ఒడ్డు అనుకుంటాం. తప్పు. లోతు నీళ్లలో ఉన్నంతసేపూ అల పడవను ఎత్తి దించుతుంది. విరిగేది ఒడ్డు దగ్గరే. పైగా సముద్రం వైపు నుంచి చూస్తే కెరటం వీపు మాత్రమే కనిపిస్తుంది. అవతల అది ఎంత ఎత్తు నుంచి కూలుతుందో తెలియదు. చెవులు రిక్కించి హోరు వినాలి. ఒక పెద్ద అలను ముందుకు పోనిచ్చి, దాని వెనకాలే గబగబా తెడ్డేసుకుంటూ ఒడ్డెక్కాలి. మర్నాటి అల అందుకుంటే పడవ అడ్డం తిరిగి బోర్లా పడుతుంది. రోజంతా పడిన కష్టం చివరి 50 గజాల్లో నీళ్లపాలు! అదీ చేతులు పూర్తిగా అలసిపోయి ఉన్న వేళ.

మన కోరమాండల్ తీరానికి పెద్ద పేరు తెచ్చింది ఈ కెరటాలే. సహజమైన రేవులు తక్కువ. వందల మైళ్లు నేరుగా సముద్రానికి ఎదురొడ్డిన ఇసుక. స్పెక్ 1935లో సింహళం చేరాడు. అక్కడి నుంచి మద్రాసు మీదుగా కలకత్తా దిక్కుగా సాగాడు. అంటే మన కోస్తా వెంటే. ఆ రోజుల్లో ఏ పల్లెలోనైనా తెప్ప దించుతున్నవాళ్లు అతన్ని చూసి ఉంటే ఏమనుకుని ఉంటారు? కాళ్లు కనపడకుండా నీళ్లలో కూర్చున్న తెల్లమనిషి, చేతిలో రెండువైపులా రెక్కలున్న తెడ్డు! ఆ దృశ్యం ఊహించుకుంటేనే నవ్వొస్తుంది. కానీ కెరటాన్ని దాటి వచ్చిన తీరు చూస్తే మాత్రం, వాళ్ల పనీ అతని పనీ ఒకటేనని ఇట్టే గుర్తుపట్టి ఉండేవారు.

ఒంటరికి ఏకాంతం ఉండదు

ఒంటరి ప్రయాణమంటే పగలే ఒంటరి. ఒడ్డెక్కితే చుట్టూ జనం. ఎవరు, ఎక్కడి నుంచి, పెళ్లయిందా, పడవలో ఏముంది.. ప్రశ్నలు ఏ భాషలో అడిగినా అవే. రోజంతా నోరు విప్పని మనిషికి పొద్దుగూకాక నిద్ర పోనివ్వనంత మంది తోడు. స్పెక్‌కు కొన్నిచోట్ల అతిథి మర్యాదలు జరిగాయి. కొన్నిచోట్ల అనుమానపు చూపులు ఎదురయ్యాయి. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. పడవ మీద కట్టుకున్న చిన్న జెండా స్వస్తిక జెండా అయింది. బ్రిటిష్ వాళ్లేలే రేవుల్లో జర్మన్ మనిషి, అదీ ఒంటరిగా, కెమెరాతో.. ఎవరికి అనుమానం రాదు?

అన్నిటికంటే చేదు అనుభవం డచ్ ఈస్టిండీస్‌లో ఎదురైంది. ఇప్పుడది ఇండోనేసియా. లకోర్ అనే చిన్న దీవిలో రాత్రివేళ కొందరు అతని మీద పడ్డారు. కట్టేసి కొట్టారు. సామాను దోచుకున్నారు. చెవిలో కర్ణభేరి చిరిగిపోయింది. చీకట్లో కట్లు విడిపించుకుని, ఎలాగో పడవ దగ్గరికి చేరి, నీళ్లలోకి తోసుకుని బయటపడ్డాడు. చికిత్స కోసం వచ్చిన దారినే వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఇక చాలనుకుని ఆగిపోవడానికి అంతకంటే మంచి కారణం ఎవరికైనా దొరుకుతుందా? అతను మాత్రం కోలుకుని మళ్లీ తెడ్డు పట్టుకున్నాడు.

లెక్క వేస్తే..

50 వేల కిలోమీటర్లు అనగానే మన కళ్ల ముందు ఆగకుండా దూసుకుపోయే పడవ కనిపిస్తుంది. కానీ ఏడేళ్ల నాలుగు నెలలంటే దాదాపు 2,700 రోజులు. భాగిస్తే రోజుకు 19 కిలోమీటర్లు కూడా రావు. ఓపికున్న మనిషి నడిచే దూరమే అది.

మిగతా కాలమంతా ఏమైంది? ఎదురుచూపులకే పోయింది. రుతుపవనాలు తిరిగే దాకా ఆగాలి. మలేరియా తగ్గే దాకా మంచం మీద ఉండాలి. పాడైన పడవ బదులు కొత్తది జర్మనీ నుంచి ఓడలో వచ్చే దాకా రేవులో కాచుకోవాలి. తయారుచేసే కంపెనీయే ప్రచారం కోసం పడవలు పంపేది. అనుమతి కాగితం చేతికొచ్చే దాకా కచేరీల చుట్టూ తిరగాలి. డచ్ అధికారులు న్యూగినీ దక్షిణ తీరం వెంట వెళ్లొద్దన్నారు. దాంతో అంత పెద్ద దీవినీ ఉత్తరం వైపు నుంచి చుట్టిరావాల్సి వచ్చింది. ఎదురుగా ఉన్న ఆస్ట్రేలియా ఒక కాగితం వల్ల వేల కిలోమీటర్ల దూరం జరిగిపోయింది!

సముద్రం మీద బతికేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. వాయుగుండం అన్న కబురు రాగానే వలలు ఒడ్డున ఆరబెట్టి కూర్చునే మన మత్స్యకారులకు తెలుసు. సముద్రంలోకి వెళ్లడం ఎంత పనో, వెళ్లకుండా ఆగడం కూడా అంతే పని. కొత్తవాళ్లు నేర్చుకోలేక ప్రాణం మీదికి తెచ్చుకునేది ఈ రెండోదాన్నే.

స్పెక్ ప్రయాణం ముగిసిన 70 ఏళ్లకు, 2009లో ఫ్రెయా హాఫ్‌మైస్టర్ అనే మరో జర్మన్ పౌరురాలు ఒంటరిగా కయాక్‌లో ఆస్ట్రేలియా ఖండాన్నే చుట్టి వచ్చింది. దాదాపు 13,800 కిలోమీటర్లు, 332 రోజులు. ఆమె దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంది, దారి చూపే జీపీఎస్ ఉంది, వాతావరణం ముందే తెలుస్తుంది. అయినా రాత్రుళ్లు మారలేదు. ఖండానికి ఉత్తరాన మొసళ్ల భయం. నది మొగల దగ్గర గుడారం వేయడానికి లేదు. కార్పెంటేరియా సింధుశాఖకు అడ్డంపడి వెళ్లినప్పుడు ఎనిమిది రోజులు నేల లేదు. పడవకు రెండువైపులా గాలి తిత్తులు కట్టి, బోల్తాపడకుండా చేసుకుని, అందులోనే నడుం వాల్చింది. పరికరాలు ఎన్ని మారినా తెడ్డు వెయ్యాల్సింది రెండు చేతులే. ఒరుసుకుపోయేది ఆ ఒళ్లే.

గని నుంచి గనికి

1939 సెప్టెంబరు. న్యూగినీకి కూతవేటు దూరంలో, ఆస్ట్రేలియాకు చెందిన సైబాయ్ దీవి. స్పెక్ పడవ ఒడ్డుకు చేరింది. ఇసుకలో పోలీసులు నిలబడి ఉన్నారు. జర్మనీ నుంచి అందులోనే వచ్చావా అంటూ చెయ్యి కలిపారు, శభాష్ అన్నారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. యుద్ధం మొదలైంది. నువ్వు శత్రుదేశపు మనిషివి, నిన్ను నిర్బంధించక తప్పదు అన్నారు.

ఏడేళ్లు కలగన్న దేశం తలుపు తీసింది. లోపలికి రాగానే గడియ పెట్టింది. యుద్ధం ముగిసేదాకా ఆ నిర్బంధ శిబిరాల్లోనే గడిపాడు. రోజూ కొత్త తీరం చూసిన మనిషి రోజూ అదే ముళ్లకంచె చూశాడు. అతను చేసింది ఎంత పెద్ద పనో లోకానికి చెప్పుకునే అవకాశమూ యుద్ధంలో కొట్టుకుపోయింది. బాంబుల వార్తల మధ్య ఒక కయాక్ కబురు ఎవరికి కావాలి?

1946లో విడుదలయ్యాడు. ఇంటికి వెళ్లిపోలేదు. నేరుగా లైట్నింగ్ రిడ్జ్ దారి పట్టాడు. ఓపల్ అనే రంగురంగుల రాళ్లు దొరికే గనుల ఊరది. తవ్వడం, సానపట్టడం, అమ్మడం నేర్చుకుని నిలదొక్కుకున్నాడు. సిడ్నీకి ఉత్తరాన సముద్రం కనిపించే చోట ఇల్లు కట్టుకున్నాడు. 1990లలో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. అతని ఫొటోలు, కాగితాలు ఇప్పుడు సిడ్నీలోని జాతీయ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి.

పాతికేళ్ల వయసులో గనిలో పని దొరుకుతుందేమోనని ఇల్లు వదిలాడు. ముప్ఫై ఎనిమిదేళ్లప్పుడు గనిలోనే పని దొరికింది. కాకపోతే గని చేరే దారి కాస్త చుట్టయింది.. అంతే!